ఓక్లహోమా వీధిలో పడ్డవాళ్లకి రోమ్ కలలో చోటేది?

1933 డిసెంబరులో అమెరికాలో విడుదలైన 'రోమన్ స్కాండల్స్' అనే మ్యూజికల్ కామెడీ గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. శామ్యూల్ గోల్డ్‌విన్ నిర్మాత, ఫ్రాంక్ టటిల్ దర్శకుడు, ఎడ్డీ కాంటర్ హీరో. పాటల చిత్రీకరణ బస్బీ బర్క్‌లీ. ఓక్లహోమా రాష్ట్రంలో వెస్ట్ రోమ్ అనే ఊరు. అక్కడ ఎడ్డీ అనే అమాయకుడు ఊరి పెద్దల అవినీతికి అడ్డం పడతాడు. వాళ్లు అతన్ని ఊళ్లోంచి గెంటేస్తారు. కలలో అతను ప్రాచీన రోమ్‌లో తేలతాడు. బానిసల సంతలో అమ్ముడుపోతాడు, చక్రవర్తి తినే తిండిని ముందుగా రుచి చూసే కొలువులో చేరతాడు, రథమెక్కి తప్పించుకుంటాడు, మెలకువ వస్తుంది.

ఈ సినిమా పేరు ఎత్తగానే సినిమా చరిత్ర తెలిసినవాళ్లకి రెండు విషయాలు గుర్తొస్తాయి. ఒకటి, 1934 జులైలో హాలీవుడ్ సెన్సారు నిబంధనలు గట్టిగా అమలులోకి రాకముందు తీసిన బానిసల సంత పాట. రెండోది, కాంటర్ మొహానికి నల్లరంగు పులుముకుని చేసిన స్నానశాల పాట. ఆ రెంటి గురించీ రాస్తాను. కానీ నా మనసు పట్టుకున్నది వాటికి ముందు వచ్చే భాగం. ఈ సినిమాలో అన్నిటికన్నా గొప్ప ఘట్టం కల మొదలవక ముందే అయిపోతుంది. కల మొదలయ్యాక సినిమా ఆ మనుషుల్ని పూర్తిగా మరిచిపోతుంది. మామూలు సినిమా అయితే పోనీలే అనుకునేవాణ్ణి. ఇంత తెలివైనవాళ్లు చేతులు కలిపి తీసిన సినిమాలో ఆ మరుపు నాకు పెద్ద తప్పుగా కనిపిస్తుంది.

ముందు ఆ ఘట్టం చెప్పాలి. వెస్ట్ రోమ్‌లో కొత్త జైలు కట్టాలని పెద్దలు నిర్ణయిస్తారు. ఆ స్థలంలో ఉన్న ఇళ్లలోంచి పేదవాళ్లని ఖాళీ చేయిస్తారు. సామానంతా వీధిలో పడుతుంది. అప్పుడు ఎడ్డీ వాళ్ల మధ్యకి వచ్చి, చిన్న ఇల్లు ఎక్కడైనా కట్టుకోవచ్చనీ ఆకాశంలో చుక్కలతో పైకప్పు అలంకరించుకోవచ్చనీ పాట ఎత్తుకుంటాడు. ఆ వీధిలోనే మంచాలు వేసి, కుర్చీలు సర్ది, రోడ్డు మీదే కాపురాలు పెడతారు. పాట హారీ వారెన్, ఆల్ డూబిన్‌లది. హుషారైన పాట. కానీ పాట నడుస్తున్నంతసేపూ వెనకాల ఆ సామాను కనిపిస్తూనే ఉంటుంది.

ఇది వచ్చిన ఏడాది ఏమిటో గుర్తుంచుకోవాలి. 1933లో అమెరికాలో పనిచేయగలిగిన నలుగురిలో ఒకరికి పని లేదు. మార్చిలో రూజ్వెల్ట్ అధ్యక్షుడైన వెంటనే దేశంలోని బ్యాంకులన్నీ మూసి ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. అప్పు తీర్చలేక జప్తుకి పోతున్న ఇళ్లు రోజుకి సుమారు వెయ్యి. ఆ జప్తుల్ని ఆపడానికే ఆ జూన్‌లో ప్రభుత్వం ఇంటి అప్పులకోసం ప్రత్యేకంగా ఒక సంస్థ పెట్టింది. టికెట్ కొనుక్కుని హాల్లో కూర్చున్నవాళ్లలో కొందరు తమ మంచాన్ని వీధిలో చూసుకున్నవాళ్లే అయ్యుంటారు. వాళ్ల ముందు ఒక కామెడీ సినిమా ఈ దృశ్యంతో మొదలవడం చిన్న ధైర్యం కాదు.

నాకు ఇది ఇంత గట్టిగా తగలడానికి సొంత కారణం ఉంది. మా చిన్నప్పటి వీధిలో రోడ్డు వెడల్పు చేస్తామని గోడల మీద ఎర్ర రంగుతో గీతలు గీశారు. కొన్నాళ్లకి జేసీబీ వచ్చింది. మూడిళ్ల అవతల అద్దెకున్నవాళ్ల సామాను మధ్యాహ్నానికి రోడ్డు మీద ఉంది. బీరువా, గ్యాస్ బండ, ఇత్తడి బిందె, దేవుడి పటాలు. ఇంట్లో ఉన్నప్పుడు ఎవరికీ కనిపించని వస్తువులు రోడ్డు మీదకి రాగానే అందరూ చూసేవి అయిపోతాయి. ఆ ఇంటి పిన్నిగారు ముందుగా చేసిన పని ఏమిటంటే, పాత చీర ఒకటి తీసి పరుపుల మీద కప్పడం. అందుకే వెస్ట్ రోమ్ వీధిలో మంచాల మధ్య ఆ మనుషులు అంత ధీమాగా తిరుగుతుంటే నాకు నవ్వూ వస్తుంది, గొంతూ పట్టేస్తుంది. ఎవరికీ కప్పుకోవాల్సిన పని లేనట్టు, సిగ్గుపడాల్సింది ఖాళీ చేయించినవాడే అన్నట్టు ఉంటారు వాళ్లు.

ఆ పాట కాంటర్ నోట వచ్చినందుకే అతకింది. 1892లో న్యూయార్క్‌లో, రష్యా నుంచి వలస వచ్చిన యూదు కుటుంబంలో పుట్టాడు. పసితనంలోనే తల్లిదండ్రులిద్దరూ పోయారు. ఎస్తేర్ అనే అమ్మమ్మ చిల్లర సామాన్లు అమ్ముకుంటూ పెంచింది. తర్వాత బ్రాడ్‌వేలో పెద్ద స్టార్ అయి, 1929లో షేర్ మార్కెట్ కూలినప్పుడు సంపాదించిందంతా పోగొట్టుకున్నాడు. ఆ నష్టం మీదే హాస్య పుస్తకం రాసి జనాన్ని నవ్వించాడు. ఈ సినిమా వచ్చిన ఏడాదే సినిమా నటుల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. లేమి ఎలా ఉంటుందో చదివి తెలుసుకున్నవాడు కాదు.

ఇక కల.

కలలో బాగున్నవి బాగున్నాయి. చక్రవర్తి వలేరియస్‌గా ఎడ్వర్డ్ ఆర్నాల్డ్ నటించాడు. అతని రాణి అగ్రిప్పా అతనికి విషం పెట్టాలని చూస్తూ ఉంటుంది. ముందుగా తినాల్సినవాడు ఎడ్డీ. పళ్లెం మీద పార్స్లీ ఆకు ఉన్నది ఏది, లేనిది ఏది, విషం ఉన్నది ఏది అని మాటలు తిరగబడిపోయే ఘట్టం ఒకటి ఉంది. హాస్యం రాసేవాళ్లు కూర్చుని నేర్చుకోదగ్గది. ఆ కొలువులోనే ఒక నిజం కూడా ఉంది. పెద్దాయన బతకడానికి చిన్నవాడు ముందు ప్రాణం పణంగా పెట్టాలి. చివర్లో వచ్చే రథాల వెంటాట 1925లో మూకీ సినిమాగా వచ్చిన 'బెన్ హర్'ని ఆటపట్టించడానికి తీసింది, ఇప్పటికీ చూడటానికి దమ్ముగా ఉంటుంది. ఛాయాగ్రహణం గ్రెగ్ టోలండ్. తర్వాత 1941లో 'సిటిజన్ కేన్' తీసిన చెయ్యి అది.

మూల కథ రాసింది కూడా సామాన్యులు కాదు. జార్జ్ కాఫ్‌మన్ అంతకు ముందే, అమెరికా అధ్యక్ష ఎన్నికల మీద వ్యంగ్యంగా రాసిన సంగీత నాటకానికి తోటి రచయితలతో కలిసి 1932లో పులిట్జర్ బహుమతి తీసుకున్నాడు. రాబర్ట్ షెర్‌వుడ్ తర్వాతి కాలంలో రూజ్వెల్ట్ ప్రసంగాలు రాయడంలో పాలుపంచుకున్నాడు. అధికారం ఎలా మాట్లాడుతుందో, ఎలా అబద్ధమాడుతుందో తెలిసిన ఇద్దరు. అలాంటివాళ్ల చేతిలో ఒక ఊరి అవినీతి, ఒక సామ్రాజ్యపు అవినీతి పక్కపక్కనే పెట్టే అవకాశం పడింది. ఊరి పేరులో రోమ్ ఉండటం ఊరికే కాదు కదా. మెలకువలో ఎవరైతే వీధిలో పడ్డారో, కలలో వాళ్లే సంతలో నిలబడాలి. నా దృష్టిలో ఈ కథ అడుగుతున్నది అదే.

సంత వస్తుంది. వాళ్లు మాత్రం రారు.

ఎత్తైన గుండ్రటి అరుగు మీద అమ్మాయిలు గొలుసులతో కట్టేసి ఉంటారు. ఒంటి మీద పొడుగాటి బంగారు రంగు జుట్టు విగ్గులు తప్ప దాదాపు ఏమీ ఉండవు. కింద కొరడా పట్టుకున్న వ్యాపారి, కొనడానికి వచ్చిన మగవాళ్లు. చక్రవర్తి ప్రేమ పోగొట్టుకున్న ఓల్గా పాత్రలో రూత్ ఎట్టింగ్ విషాదంగా పాడుతుంది. ఒక బానిస అమ్మాయి నాట్యం చేస్తుంది, చివరికి ఆమె ప్రాణం పోతుంది. బర్క్‌లీ కెమెరా వాళ్లని ఆకారాలుగా అమరుస్తూ పోతుంది. ఎవరు ఈ అమ్మాయిలు, ఎక్కణ్ణుంచి తెచ్చారు, ఎవరి అప్పుకి అమ్మారు అనే ప్రశ్న ఆ పాటలో ఎక్కడా లేదు. అందంగా తీశాడనేది నిజమే. గొలుసుని నగలాగా చూపించాడు, అదే నాకు బాధ.

బర్క్‌లీకి పేదవాళ్లని చూడటం రాదు, అతనికి తెలిసింది అమ్మాయిల్ని వరసలో నిలబెట్టడమే అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అదే 1933లో, ఏడు నెలల ముందు, ఇదే బర్క్‌లీ ఇదే వారెన్, డూబిన్‌ల పాటతో 'గోల్డ్ డిగ్గర్స్ ఆఫ్ 1933' అనే వార్నర్ బ్రదర్స్ సినిమాకి ముగింపు తీశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి వచ్చిన సైనికులు ఇప్పుడు ఉచిత తిండికోసం వరసల్లో నిలబడ్డారు, వాళ్లని మరిచిపోకండి అని చెప్పే పాట అది. 'మరుగునపడ్డ మనిషి' అన్న మాట 1932లో రూజ్వెల్ట్ రేడియో ప్రసంగంతో జనం నోళ్లలో నానింది. అదే ఏడాది వాషింగ్టన్‌లో, తమకి రావాల్సిన బోనసు అడగడానికి వెళ్లిన మాజీ సైనికుల గుడిసెల్ని సైన్యమే తగలబెట్టింది. ఆ గాయం పచ్చిగా ఉండగానే బర్క్‌లీ సైనికుల్ని వానలో నడిపించాడు, రక్తంతో తిరిగొస్తుంటే చూపించాడు, రొట్టె ముక్క కోసం వరసలో నిలబెట్టాడు. ఒక్కొక్కడి మొహం మీదా కెమెరా ఆగుతుంది.

అదే పాటలో కిటికీ దగ్గర కూర్చుని ఎట్టా మోటెన్ అనే నల్లజాతి గాయని కొన్ని చరణాలు పాడుతుంది. పనిమనిషి వేషం కాదు. మొగుణ్ణి పోగొట్టుకున్న ఒక ఇల్లాలు, అంతే. 1934 జనవరిలో ఆమె వైట్‌హౌస్‌లో రూజ్వెల్ట్ పుట్టినరోజు వేడుకలో ఆ పాట పాడింది. దీన్ని పక్కన పెట్టుకుని రోమ్ స్నానశాల పాట చూడండి.

స్నానశాలలో ధనిక రోమన్ స్త్రీలుగా తెల్లజాతి అమ్మాయిలు, వాళ్లకి ఒళ్లు తోమే పనిమనుషులుగా నల్లజాతి అమ్మాయిలు. దాక్కోవడానికి అక్కడికి చొరబడ్డ ఎడ్డీ మొహానికి నల్లటి మట్టి పూసుకుంటాడు, అందరూ అతన్ని ఆఫ్రికా నుంచి వచ్చిన సౌందర్య నిపుణుడు అనుకుంటారు. ప్రేమ కావాలంటే వయసు మీద పడనీకండి, అందంగా ఉండటం మీ బాధ్యత అని పాడతాడు. పాట బాణీ చెవిలోంచి పోదు, ఆ సంగతి దాచను. 1992లో ఆనీ లెనాక్స్ మళ్లీ పాడింది కూడా. కానీ ఆ నల్లజాతి అమ్మాయిల్ని చూడండి. రోమ్‌లో బానిసలు యుద్ధాల్లో దొరికినవాళ్లు, అప్పుల్లో మునిగినవాళ్లు, బానిసలకి పుట్టినవాళ్లు. బానిసత్వాన్ని ఒంటి రంగుతో ముడిపెట్టింది అమెరికా. 1933 నాటికి ఆ వ్యవస్థ చట్టం ప్రకారం పోయి డెబ్బై ఏళ్లు కూడా కాలేదు. బానిసలుగా పుట్టిన ముసలివాళ్లు అప్పటికి వేలల్లో బతికే ఉన్నారు. వాళ్లు బతికుండగా, ఓక్లహోమాలో మొదలైన కథలో, రోమ్ సంతలో తెల్లటి అమ్మాయిలు అమ్మకానికి నిలబడతారు, నల్లటి అమ్మాయిలు స్నానశాలలో తువ్వాళ్లు పట్టుకుంటారు. అమెరికాలో నిజంగా ఎవర్ని అమ్మారో చెప్పగలిగిన ఒకే ఒక్క చోటు ఈ కలలో అదే, అక్కడ సినిమా నల్లరంగు పూసుకుని నవ్విస్తుంది.

'అదంతా కల కదా' అన్న అనుమతి ఈ సినిమాకి రెండు రకాలుగా పనికొచ్చింది. రాజుని వెక్కిరించడానికి వాడుకుంటే నేను చప్పట్లు కొడతాను. గొలుసుల్నీ నల్లరంగునీ ఎవరూ అడగకుండా చేసుకోవడానికి కూడా అదే అనుమతి వాడుకున్నారు. అందుకే ఆ రెండు పాటల్నీ కోసేసి మిగతాది చూద్దాం అనే సలహా నాకు నచ్చదు. కోస్తే వీధి పాట ఒక్కటే మిగిలి, ఇది పేదవాళ్ల పక్షాన నిలబడ్డ మంచి సినిమా అనే పేరు ఉత్తినే దక్కుతుంది. మొత్తం చూస్తేనే ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయారో తెలుస్తుంది.

కాంటర్‌ని దుర్మార్గుడిగా చూపించడం నా ఉద్దేశం కాదు, అది అన్యాయం అవుతుంది. 1939లో, యూదుల మీద రేడియోలో విషం కక్కుతున్న ఫాదర్ కాగ్లిన్‌ని బహిరంగంగా ఎదిరించి, దాని ఫలితంగా తన రేడియో కార్యక్రమం స్పాన్సర్‌ని పోగొట్టుకున్నాడు. 1952లో టీవీ ప్రోగ్రాంలో శామీ డేవిస్ జూనియర్‌ని దగ్గరికి తీసుకుని తన చేతి రుమాలుతో అతని నుదుటి చెమట తుడిచాడు. నల్లవాణ్ణి అలా ముట్టుకుంటావా అని తిట్లతో ఉత్తరాలు వచ్చిపడితే, భయపడకుండా డేవిస్‌ని మళ్లీ పిలిచాడు. నల్లరంగు పూసుకున్న చెయ్యే ఇరవై ఏళ్ల తర్వాత ఆ రుమాలు తీసింది. మనుషుల్ని తూచేటప్పుడు రెండూ తూకంలో వెయ్యాలి. సినిమా మాత్రం 1933 దగ్గరే ఉండిపోతుంది, దాన్ని ఉన్నదాన్ని బట్టే చూడాలి.

సంత అమ్మాయిల గురించి ఇంకొక్క మాట. గోల్డ్‌విన్ గర్ల్స్ అని పేరు పెట్టి న్యూయార్క్ నుంచి తెచ్చిన ఆ గుంపులో ఇరవై రెండేళ్ల లూసిల్ బాల్ ఉంది. ఆమెని హాలీవుడ్‌కి రప్పించిన సినిమా ఇదే, తెర మీద పేరు కూడా లేదు. ఆమే తర్వాత 'ఐ లవ్ లూసీ'తో అమెరికా టీవీని ఏలింది, 1962లో సొంత స్టూడియోకి అధిపతి అయింది. యువరాణి సిల్వియాగా వేసిన గ్లోరియా స్టూవర్ట్‌ని మనవాళ్లు చాలామంది చూసే ఉంటారు. 1997 నాటి 'టైటానిక్'లో ముసలి రోజ్ ఆమే. నటుల సంఘం పెట్టినప్పుడు మొదట్లో చేరినవాళ్లలో ఆమె ఒకరు. ఇంత మంది మనుషులు, ఇంత సత్తా ఉన్నవాళ్లు ఆ సెట్ మీద నిలబడి ఉండగా, వాళ్లలో ఒక్కరికైనా సంతలో రెండు మాటలు మాట్లాడే పాత్ర ఇచ్చి ఉంటే పాట మొత్తం మారిపోయేది.

జనం కష్టాలు మరిచిపోవడానికి సినిమాకి వస్తారు, అలాంటప్పుడు కలలో కూడా వాళ్ల కష్టాలే చూపించాలా అని అడిగేవాళ్లున్నారు. ఇది గట్టి ప్రశ్నే. నా జవాబు రెండు ముక్కలు. ఖాళీ చేయించిన ఇళ్లతో కథ మొదలుపెట్టమని ఎవరూ ఈ సినిమా వాళ్లని అడగలేదు, వాళ్లే మొదలుపెట్టారు, మొదలుపెట్టాక ఆ మనుషుల బాధ్యత వాళ్లదే. పైగా సైనికుల పాటతో ముగిసిన సినిమాని అదే జనం, అదే ఏడాది విరగబడి చూశారు. బాధని చూపిస్తే పారిపోతారు అన్నది జనాన్ని తక్కువ అంచనా వెయ్యడం.

కలలోకి మెలకువని తీసుకుపోవడం కష్టమైన విద్య కూడా కాదు. 1939లో వచ్చిన 'ది విజార్డ్ ఆఫ్ ఓజ్'లో పొలం పనివాళ్లే కలలో దిష్టిబొమ్మగా, రేకు మనిషిగా, సింహంగా వస్తారు. కల కనే పాపని ఏడిపించిన ధనవంతురాలే మంత్రగత్తె. చిన్నపిల్లలకి కూడా చెప్పకుండానే అర్థమవుతుంది. 'రోమన్ స్కాండల్స్'లో ఊరి ధనవంతుడు కూపర్ ఒక నటుడు, చక్రవర్తి ఇంకో నటుడు, ఇద్దరికీ మధ్య దారమే లేదు. మన తెలుగులో చూసుకుంటే, 1977 నాటి 'యమగోల'లో హీరో యమలోకానికి వెళ్లి చేసే మొదటి పనుల్లో ఒకటి యమభటులకి యూనియన్ పెట్టించి సమ్మె చేయించడం. భూమ్మీది జీతం గొడవ అక్కడిదాకా నడుచుకుంటూ పోతుంది. హాల్లో జనం అంత నవ్వింది తమ ఆఫీసునీ ఫ్యాక్టరీనీ అక్కడ గుర్తుపట్టినందుకే. నరకంలో చేయగలిగిన పని రోమ్‌లో చేయలేకపోయారు.

ఎడ్డీ రోమ్ నుంచి ఏం తెచ్చుకున్నాడు అన్నది నన్ను ఎక్కువగా వేధించే ప్రశ్న. మెలకువ వస్తుంది, ఊరి పెద్దల లంచం బయటపడుతుంది, అన్నీ సర్దుకుంటాయి. ఆ లంచం బయటపడటానికి రోమ్‌లో చూసింది ఏదీ అక్కర్లేదు. బానిసగా అమ్ముడుపోయిన మనిషి, రోజూ విషం రుచి చూసిన మనిషి, ఆ అనుభవంలోంచి ఒక్క మాట తన వీధివాళ్లకి చెప్పడు. అతను చెప్పి ఉంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

నాలుగేళ్ల తర్వాత కాంటర్‌కి ఇదే అవకాశం మళ్లీ వచ్చింది. 1937 నాటి 'అలీబాబా గోస్ టు టౌన్'లో అతను దేశదిమ్మరి. ఒక సినిమా సెట్ మీద నిద్రపోయి కలలో బాగ్దాద్‌లో తేలతాడు. ఈసారి ఖాళీ చేతులతో వెళ్లలేదు. పన్నులు, పని లేనివాళ్లకి ఉపాధి, ఎన్నికలు, రూజ్వెల్ట్ అమెరికాలో చేస్తున్నదంతా సుల్తానుకి చెప్పి చేయిస్తాడు. సుల్తాను సింహాసనం దిగి అధ్యక్ష పదవికి నిలబడితే జనం సుల్తానుని వదిలి అలీబాబాకి ఓటు వేస్తారు. సినిమాగా అది 'రోమన్ స్కాండల్స్' ముందు నిలబడదు. పాటలు పేలవం, బర్క్‌లీ లేడు, టోలండ్ లేడు. కానీ కల ఎందుకు కన్నాడో కాంటర్‌కి గుర్తుంది.

చూడాలనుకునేవాళ్లకి నేను చెప్పే వరస ఇది. ముందు 'గోల్డ్ డిగ్గర్స్ ఆఫ్ 1933' చివరి పాట ఒక్కటైనా చూడండి. తర్వాత 'రోమన్ స్కాండల్స్' మొదటి నుంచి చివరిదాకా, ఏ పాటా దాటెయ్యకుండా చూడండి. వీధి పాట అయిపోయాక ఒక్క నిమిషం ఆపి, అక్కడ నిలబడ్డ మొహాల్లో రెండు మూడు గుర్తుపెట్టుకోండి. సంత పాట వచ్చినప్పుడు ఆ మొహాల కోసం వెతకండి. వయసు మళ్లినవాళ్లు, పిల్లల తల్లులు, చేతులు కాయలు కాసినవాళ్లు ఆ అరుగు మీద ఎవరైనా కనిపిస్తే కింద రాయండి, నా అభిప్రాయం మార్చుకుంటాను.